పగడపు దిబ్బ మీది నారింజ గుంపు: ఆంథియాస్ చేపల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎర్ర సముద్రంలో తీసిన ఏ నీటి అడుగు దృశ్యం చూసినా పగడాల మీద బంతిపూల రేకలు చల్లినట్టు కదులుతూ ఉండే చిన్న చేపలు ఆంథియాస్‌లే. చూసినవారు గుంపును గుర్తుపెట్టుకుంటారు, చేపను మరిచిపోతారు. నిజానికి ఆ గుంపులో ప్రతి చేపకూ ఒక స్థానం ఉంటుంది, ఒక హద్దు ఉంటుంది, పక్క చేపతో ఒక లెక్క ఉంటుంది. కింది జవాబుల్లో ఎక్కువ చోటు ఆ లెక్కలకే ఇచ్చాను.

ఆంథియాస్ అంటే ఏ చేప?

ఇది ఒక్క చేప పేరు కాదు, ఒక వర్గం పేరు. అందులో అందరికీ బాగా తెలిసినది స్యూడాంథియాస్ స్క్వామిపిన్నిస్. డైవర్లు దీన్ని సీ గోల్డీ అంటారు, అక్వేరియం పెంపకందారులు లైర్‌టెయిల్ ఆంథియాస్ అంటారు. జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త విల్‌హెల్మ్ పీటర్స్ 1855లో దీన్ని వర్ణించాడు. అందుకు ఆధారమైన చేపలు మొజాంబిక్ తీరానివి. ఆంథియాస్‌లను చాలాకాలం గ్రూపర్ చేపలతో కలిపి సెరానిడే కుటుంబంలో ఉంచారు. ఇటీవలి వర్గీకరణల్లో వీటిని విడదీసి వేరే కుటుంబంగా చూపుతున్నారు. మనిషంత బరువు తూగగల గ్రూపర్‌కూ అరచేతిలో పట్టే ఈ చేపకూ చుట్టరికమంటే నమ్మబుద్ధి కాదు గానీ, చుట్టరికం నిజమే.

వేరే జాతి పేరు చెప్పనంతవరకు కింద ఆంథియాస్ అన్నచోటల్లా ఈ జాతినే అనుకోండి.

ఎక్కడ కనిపిస్తాయి?

ఎర్ర సముద్రం, ఆఫ్రికా తూర్పు తీరం నుంచి మొదలై మాల్దీవుల మీదుగా జపాన్, ఆస్ట్రేలియా వరకు. ఒడ్డుకు దగ్గరగా ఉన్న లోతులేని దిబ్బ దగ్గరా ఉంటాయి, 50 మీటర్లు దాటిన లోతులోనూ ఉంటాయి. అయితే పెద్ద గుంపులు చూడాలంటే దిబ్బ అంచుకు వెళ్లాలి. దిబ్బ నిట్టనిలువుగా లోతులోకి దిగే చోట, నీళ్లు పారుతూ ఉండే చోట ఇవి చేరతాయి. నీరు కదలని మడుగులాంటి చోట్ల పెద్ద గుంపులు ఉండవు. ఎందుకో ఆహారం గురించిన జవాబులో తెలుస్తుంది.

ఆడ, మగ తేడా గుర్తుపట్టడం ఎలా?

చాలా తేలిక. గుంపులో నూటికి తొంభై చేపలు నారింజ, బంగారు రంగుల్లో ఉంటే అవి ఆడవీ పిల్లలూ. కంటి కింద నుంచి వెనక్కి సన్నని ఊదా గీత ఒకటి ఉంటుంది. మగది కొంచెం పెద్దది, 15 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. ఒళ్లు గులాబీ కలిసిన ఊదా రంగు. పక్క రెక్క మీద ముదురు మచ్చ. అన్నిటికన్నా స్పష్టమైన గుర్తు వీపు మీది రెక్క: దాని మూడో ముల్లు దారంలా పొడుగ్గా సాగి, ఈదుతున్నప్పుడు వెనక్కి ఎగురుతూ ఉంటుంది. తోక రెండు కొసలూ కూడా ఆడవాటికన్నా పొడుగు.

మగవాటి రంగు ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఎర్ర సముద్రపు మగ చేపనూ పసిఫిక్ మగ చేపనూ పక్కపక్కన పెడితే రెండు జాతులేమో అనిపిస్తుంది.

ఎప్పుడు చూసినా అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఎందుకు ఉంటాయి?

ప్రవాహానికి ఎదురుగా తిరిగి ఉంటాయి కాబట్టి. ఆహారం ప్రవాహంతో కొట్టుకొస్తుంది. దానికి ఎదురు నిలబడితే చాలు, వెతుక్కుంటూ పోవలసిన పని లేదు. ఒక చేపను ఎంచుకుని గమనిస్తే అది ముందుకు ఈదుతున్నట్టు కనిపిస్తుంది గానీ, వెనకున్న పగడంతో పోల్చి చూస్తే ఉన్నచోటనే ఉంటుంది. ప్రవాహం ఎంత వెనక్కి తోస్తే అంత ముందుకు ఈదుతుంది.

అనుభవమున్న డైవర్లు నీళ్లలోకి దిగగానే ముందు ఈ చేపల వైపు చూస్తారు. వాటి ముక్కులు ఎటు తిరిగి ఉంటే ప్రవాహం అటు నుంచి వస్తోందన్నమాట. నీళ్లు నెమ్మదిగా పారుతుంటే గుంపు దిబ్బకు దూరంగా, పైకి పరుచుకుంటుంది. ప్రవాహం ఉధృతమైతే దిబ్బకు అతుక్కుపోయినట్టు కిందికి దిగుతుంది. ఆటుపోట్లతో ప్రవాహం దిక్కు మారినప్పుడు గుంపంతా కాసేపు తికమకగా చెల్లాచెదురై, మళ్లీ కొత్త దిక్కుకు సర్దుకుంటుంది. ఆ కాసేపు చూడగలిగితే అదృష్టమే.

ఏం తింటాయి?

జంతు ప్లవకాలు. అంటే నీళ్లలో తేలుతూ కొట్టుకొచ్చే కోపిపాడ్లు అనే అతి చిన్న జీవులు, రొయ్యల వంటి జీవుల లార్వాలు, ఇతర చేపల గుడ్లు. ఒక్కొక్కటి మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. వాటిని కంటితో చూసి, గురిపెట్టి, ఒక్కొక్కటిగా అందుకుంటుంది ఈ చేప. నోరు తెరుచుకుని నీళ్లను వడకట్టే తీరు కాదిది. దగ్గరి నుంచి చూస్తే మెడ విదిలించినట్టు చిన్న కుదుపు కనిపిస్తుంది. నోరు ముందుకు సాగి గొట్టంలా అవుతుంది, నీటితో సహా ఆ నలుసు లోపలికి పోతుంది, చేప మళ్లీ తన చోటికి వస్తుంది. వెలుగు ఉన్నంతసేపూ ఇదే పని.

అందరూ ఆంథియాస్ అనగానే లింగ మార్పిడి గురించే అడుగుతారు. నన్నడిగితే దీని తిండి అంతకన్నా పెద్ద కథ. దిబ్బ బయటి అంచున నిలబడే ఇలాంటి ప్లవక భోజులైన చేపలన్నీ కలిసి, సముద్రం నుంచి వచ్చే నీళ్లు దిబ్బ మీదికి చేరకముందే అందులోని జంతు ప్లవకాల్లో చాలా భాగం ఏరేస్తాయి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో దీన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు 1988లో ఈ చేపల వరసకు ‘నోళ్ల గోడ’ అని పేరు పెట్టారు. అంతకన్నా సరిగ్గా చెప్పడం కష్టం.

అలా తిన్నది ఎక్కడికి పోతుంది? కొంత చేప ఒంటికి, కొంత వ్యర్థంగా దిబ్బ మీదికి. ఉష్ణమండల సముద్రాల నీళ్లు అంత తేటగా ఉండడానికి కారణం వాటిలో పోషకాలు తక్కువ కావడమే. ఆ పలుచని నీళ్లలోని నత్రజని, ఫాస్ఫరస్‌లను పోగుచేసి పగడాల మధ్యకు తెచ్చి పడేసే పని ఈ చిన్న చేపలు పగలంతా చేస్తాయి. రాత్రి పగడాల సందుల్లో పడుకున్నప్పుడూ వాటి మొప్పల నుంచి వెలువడే అమ్మోనియా అక్కడి పగడాలకు అందుతుంది.

అన్ని చేపలు గుంపుగా ఉంటే తిండికి పోటీ రాదా?

వస్తుంది. ప్రవాహానికి ముందు వరసలో ఉన్న చేపకు ముందు దొరుకుతుంది, వెనక వరసకు మిగిలింది దక్కుతుంది. దిబ్బకు దూరంగా ముందుకు వెళ్తే తిండి ఎక్కువ, కానీ ప్రమాదం వస్తే దాక్కోవడానికి దూరం కూడా ఎక్కువ. సాధారణంగా చిన్న పిల్లలు పగడానికి దగ్గరగా, పెద్దవి దూరంగా ఉంటాయి. గుంపుగా ఉండడంలో లాభం మరోటుంది: వందల కళ్లు కాపలా కాస్తాయి. ఒక్క చేప ఉలిక్కిపడి కిందికి దూకితే క్షణంలో గుంపంతా పగడం కొమ్మల్లోకి మాయమవుతుంది. డైవర్ గట్టిగా బుడగలు వదిలినా ఇదే జరుగుతుంది. కొన్ని క్షణాలు ఆగితే ఒక్కొక్కటిగా తల బయటపెట్టి మళ్లీ పైకి వస్తాయి.

ఆడ చేప మగ చేపగా మారుతుందంటారు, నిజమేనా?

నిజమే. ఈ జాతి చేపలు మొదట ఆడవిగా పెరుగుతాయి. మగవి ఆ ఆడవాటిలోంచే వస్తాయి.

చిన్న గుంపులో ఒక మగ, దాని చుట్టూ కొన్ని ఆడ చేపలు ఉంటాయి. మగది చనిపోతే, లేదా ఏ గ్రూపరో మింగేస్తే, ఆడవాటిలో పెద్దది, పెత్తనం చేసేది మగగా మారడం మొదలుపెడుతుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త లెవ్ ఫిషెల్సన్ 1970లో నేచర్ పత్రికలో దీన్ని ప్రకటించాడు: మగ చేప గుంపులో ఉండడం, లేకపోవడం అన్నదే ఈ మార్పును అదుపు చేస్తోందని.

మారే క్రమం ఆసక్తికరంగా ఉంటుంది. ముందు మారేది ప్రవర్తన. రంగు ఇంకా నారింజే, లోపల ఇంకా అండాశయమే, కానీ ఆ చేప అప్పుడే తోటి ఆడవాటిని తరమడం, మగదానిలా రెక్కలు విప్పి ఊగడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత హార్మోన్లు తిరగబడతాయి: ఈస్ట్రోజన్ తగ్గి, చేపల్లో పురుష హార్మోను అయిన 11-కీటోటెస్టోస్టిరాన్ పెరుగుతుంది. అండాశయం కరిగిపోతూ దాని స్థానంలో వృషణ కణజాలం పెరుగుతుంది. రంగు మారి, వీపు ముల్లు సాగుతుంది. మొత్తం కొన్ని వారాల్లో పూర్తవుతుంది.

ఒకటికన్నా ఎక్కువ మగవి ఒకేసారి పోతే ఏమవుతుంది? డగ్లస్ షపీరో అనే శాస్త్రవేత్త ఈ ప్రశ్నకు జవాబు వెతికి 1980లో సైన్స్ పత్రికలో ప్రచురించాడు. పెద్ద గుంపుల్లోంచి ఎన్ని మగవాటిని తీసేశాడో అన్ని ఆడవే మగవిగా మారాయి. ఒకేసారి కాదు, దాదాపు రెండేసి రోజుల తేడాతో ఒకదాని తర్వాత ఒకటి. అంటే మగది లేకుండా పోయిందన్న సంగతి ఒక్కటే కాదు, ఎన్ని ఖాళీలున్నాయో, వాటిలో ఎన్ని అప్పటికే నిండాయో కూడా గుంపు ప్రవర్తనలో ఎక్కడో నమోదవుతోంది. ఈ ఫలితం చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. చేపకు లెక్కలు వస్తాయని దీని అర్థం కాదు. ఒక్కొక్క ఆడ చేప తనను ఎవరు తరుముతున్నారు, తాను ఎవరిని తరమగలుగుతోంది అన్నది మాత్రమే చూసుకున్నా గుంపు మొత్తం మీద లెక్క సరిపోవచ్చు.

మళ్లీ ఆడగా మారగలదా?

సముద్రంలో ఇది సాధారణంగా ఒకవైపు దారే.

క్లౌన్ చేప కూడా ఇలాగే మారుతుందా?

తిరగేసి మారుతుంది. క్లౌన్ చేపలు మగవిగా మొదలవుతాయి. ఆడది పోతే మగది ఆడగా మారుతుంది. రెండూ నారింజ రంగువే, రెండూ పగడపు దిబ్బవే కావడంతో చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు.

గుంపులో పెత్తనం ఎవరిది?

మగదానిదే అని చెప్పి ఊరుకోవచ్చు గానీ అది సగం నిజం. మగది తన చుట్టూ ఉన్న నీటి భాగాన్ని కాస్తుంది, పక్క మగవి రాకుండా తరుముతుంది. ఆడవాటి మధ్య మాత్రం వాటి సొంత అంతస్తులుంటాయి. పెద్దది చిన్నదాన్ని తరుముతుంది, అది ఇంకా చిన్నదాన్ని. మగగా మారే అవకాశం వచ్చినప్పుడు ఎవరి వంతన్నది ఈ అంతస్తులతోనే తేలుతుంది. వందల చేపలున్న పెద్ద గుంపుల్లో చాలా మగవి ఉంటాయి. అక్కడ హద్దుల గొడవలు ఆగవు. రెండు మగవి ఎదురుపడి రెక్కలన్నీ నిక్కించి, ఒళ్లు అడ్డంగా తిప్పి నిలబడితే, చాలాసార్లు కొట్టుకోకుండానే ఒకటి పక్కకు తప్పుకుంటుంది.

గుడ్లు ఎక్కడ పెడతాయి?

ఎక్కడా పెట్టవు, నీళ్లలోకి వదిలేస్తాయి. సూర్యుడు దిగే వేళ మగది రంగు బాగా తేలి, ఆడవాటి ముందు ఒక విన్యాసం చేస్తుంది: వేగంగా కిందికి దూకి, మలుపు తిరిగి, అంతే వేగంగా పైకి లేస్తుంది. చివరికి ఒక ఆడది దానితో కలిసి పైకి దూసుకుపోతుంది. రెండూ ఒకేసారి గుడ్లు, వీర్యం వదిలి వెంటనే కిందికి వచ్చేస్తాయి. కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. నూనె బొట్టుతో తేలే ఆ పారదర్శకమైన గుడ్లను ప్రవాహం సముద్రంలోకి మోసుకుపోతుంది. పిల్లలు లార్వాలుగా కొన్ని వారాలు ప్లవకాల్లో ప్లవకాలుగా బతికి, మిగిలినవి ఏదో ఒక దిబ్బకు చేరతాయి. అది తల్లిదండ్రుల దిబ్బే కానక్కర లేదు. చీకటి పడే వేళ ఎందుకంటే, పగటి ప్లవక భోజులు అప్పటికి పని ముగిస్తుంటాయి, గుడ్లు తినేవి తగ్గుతాయి.

రాత్రి ఏం చేస్తాయి?

పగడం కొమ్మల మధ్య, రాతి పగుళ్లలో దూరి కదలకుండా ఉంటాయి.

వీటిని తినేవి ఏవి?

గ్రూపర్లు, లయన్ ఫిష్, పారలు, కార్నెట్ ఫిష్. లయన్ ఫిష్ సాయంత్రం వేళ దిబ్బ అంచుకు వచ్చి రెక్కలు చాపి ఈ చేపలను నెమ్మదిగా మూలకు నెడుతుంది. పారలు మాత్రం బయటి నుంచి మెరుపులా గుంపులోంచి దూసుకుపోతాయి.

శత్రువు కాని ఒక దొంగ వేషగాడు కూడా ఉన్నాడు. మైడస్ బ్లెన్నీ అనే పొడవాటి చేప నారింజ పసుపు రంగు వేసుకుని ఈ గుంపులో కలిసిపోయి ప్లవకాలు తింటుంది. బ్లెన్నీలు సాధారణంగా బొరియ వదిలి దూరం పోవు. ఇది మాత్రం గుంపు చాటున ధైర్యంగా పైకి ఈదుతుంది. ఆంథియాస్ గుంపులో ఒక చేప పాములా మెలికలు తిరుగుతూ ఈదుతుంటే మరోసారి చూడండి, అది బ్లెన్నీ కావచ్చు.

అంత మెరిసే రంగు ఉంటే శత్రువు కంట పడదా?

మనం ఫోటోలో చూసే రంగు లోతులో ఉండదు. నీళ్లు ముందుగా ఎరుపు కాంతిని పీల్చుకుంటాయి. పది మీటర్లు దిగేసరికి ఎరుపు చాలావరకు పోతుంది. ఇరవై మీటర్ల దగ్గర ఈ నారింజ చేప మాసిన పసుపు, బూడిద రంగుల మధ్య ఏదో ఒకటిగా కనిపిస్తుంది, ఊదా మగది నీలంగా కనిపిస్తుంది. ఫ్లాష్ వెలిగించగానే అసలు రంగు బయటపడుతుంది. ‘నా ఫోటోల్లో అన్నీ నీలంగా వచ్చాయి’ అని బాధపడేవారికి కూడా ఇదే జవాబు: దీపం తీసుకెళ్లండి, దగ్గరికి వెళ్లండి. రెండు మీటర్ల దూరం దాటితే చిన్న ఫ్లాష్ వల్ల ఉపయోగం ఉండదు.

ఇంట్లో అక్వేరియంలో పెంచవచ్చా?

పెంచవచ్చు, కానీ ఉప్పునీటి అక్వేరియం కొత్తగా మొదలుపెట్టేవారికి నేను వద్దనే చెబుతాను. పగలంతా కొంచెం కొంచెంగా తినడానికి అలవాటు పడిన చేప ఇది. రోజుకు ఒక్కసారి మేత వేస్తే మెల్లగా చిక్కిపోతుంది. మూడు నాలుగు సార్లు మైసిస్ అనే చిన్న రొయ్యల్లాంటి జీవులు, పోషకాలు పట్టించిన ఆర్టీమియా (ఉప్పునీటి చిట్టి రొయ్యలు) వంటివి వేయాలి. అంత మేత వేస్తే నీళ్లు పాడవుతాయి, దాన్ని తట్టుకునే వడపోత ఉండాలి. నాలుగైదు వందల లీటర్లకు తక్కువ తొట్టి అయితే ఆలోచనే మానుకోండి. ఉష్ణోగ్రత 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలి. మూత తప్పనిసరి, ఉలిక్కిపడితే బయటికి దూకుతుంది.

ఒక మగ, నాలుగైదు ఆడవి అన్న లెక్కన ఒకేసారి వదలడం మంచిది. రెండు మగవాటిని చిన్న తొట్టిలో పెడితే ఓడిన దానికి పారిపోవడానికి చోటుండదు. అన్నీ ఆడవే తెచ్చినా ఫర్వాలేదు, వాటిలో ఒకటి మగగా మారుతుంది. మేతలో కెరటినాయిడ్లు అనే రంగునిచ్చే పదార్థాలు తగ్గితే నారింజ రంగు వెలిసిపోతుంది. అమ్మకానికి వచ్చేవాటిలో అధికభాగం సముద్రంలో పట్టినవే అన్నది కూడా కొనేముందు గుర్తుంచుకోవాలి. మీ ఎదుట మేత తిన్న చేపనే తీసుకోండి. ఊదా రంగు మీద మనసుపడి స్యూడాంథియాస్ టూకా కొనేవారు చాలామంది. అది ఇంతకన్నా మొండిది, మేత ముట్టకుండానే చనిపోవడం మామూలే.

ఆంథియాస్‌లలో ఇంకా ఏ జాతులున్నాయి?

చాలా ఉన్నాయి. మగదాని పక్కన పెద్ద గులాబీ చతురస్రం ఉండే స్యూడాంథియాస్ ప్లూరోటీనియా లోతైన గోడల దగ్గర ఉంటుంది, దాని ఆడది పసుపు. హిందూ మహాసముద్రంలో ఊదా ఒంటికి పసుపు వీపు ఉండే స్యూడాంథియాస్ ఎవాన్సీ ఉంది, ఇందులో ఆడామగా తేడా పెద్దగా తెలియదు. మధ్యధరా సముద్రంలోనూ ఒకటుంది: లినేయస్ 1758లోనే పేరు పెట్టిన ఆంథియాస్ ఆంథియాస్. లోతు పెరిగేకొద్దీ కొత్తవి బయటపడుతూనే ఉన్నాయి. హవాయి వాయవ్య దీవుల దగ్గర దాదాపు 90 మీటర్ల లోతులో 2016లో దొరికిన ఒక జాతికి, ఆ ప్రాంతపు సముద్ర రక్షిత క్షేత్రాన్ని విస్తరించిన అధ్యక్షుడు బరాక్ ఒబామా పేరిట టొసనాయిడిస్ ఒబామా అని పేరు పెట్టారు.

అంతరించే ప్రమాదం ఉందా?

ప్రస్తుతానికి లేదు. విస్తారమైన ప్రాంతంలో లెక్కలేనన్ని ఉన్నాయి. తినడానికి పట్టేంత పెద్ద చేప కాదు. అయితే ఇది తినేది ప్లవకాలైనా, దాక్కునేది పగడంలో. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడి చచ్చిపోతే, కొమ్మలు విరిగి చదునైపోతే, తిండి ఉన్నా తలదాచుకునే చోటు ఉండదు. ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడడం నాలుగోసారి జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు.

ముట్టుకుంటే కుడతాయా?

కుట్టవు, విషం లేదు. ముట్టుకునేంత దగ్గరికి రానీయవు కూడా.

డైవింగ్‌కు వెళ్తే ఏం గమనించాలి?

గుంపును కాదు, ఒక్క మగదాన్ని ఎంచుకోండి. పొడుగు ముల్లున్న ఊదా చేపను వెతికి, దాని మీద నుంచి కన్ను తిప్పకండి. కదలకుండా, బుడగలు నెమ్మదిగా వదులుతూ, దిబ్బకు కొంచెం దూరంగా నిలబడండి. కాసేపటికి అది ఎంత మేర తిరుగుతోందో, ఎక్కడి నుంచి వెనక్కి మళ్లుతోందో తెలుస్తుంది. అదే దాని హద్దు. దానికి అవతల మరో ఊదా చేప ఉంటుంది. మధ్యలో ఎవరినీ పట్టించుకోకుండా పెద్ద ఆడ చేప ఒకటి చిన్నవాటిని తరుముతూ కనిపిస్తే, మగది పోయిన రోజున ముందు వరసలో ఉండేది అదే. సాయంత్రం డైవ్ దొరికితే అదే ఎంచుకోండి, పొద్దుటి డైవ్‌లో తిండి తప్ప మరొకటి చూడలేరు.